కోడూరు రాతిలో నినుమెంత?

అనకాపల్లి బెల్లపు బజారున తూకము చూడని బాలుడు మన పాఠశాలలో నరుదు. పడికట్టురాయియే తక్కువైనచో దిమ్మను పదిసార్లు తూచినను పదిసార్లును అదే తప్పు వచ్చును. చేయి వణకుటచే గలుగు తప్పట్టిది కాదు. అది యొకమారు హెచ్చుగను నొకమారు తగ్గుగను వచ్చి, సగటు తీసినచో చాలవరకు సమసిపోవును. ఖనిజములను సూక్ష్మముగ పరీక్షించువారిని మోసపుచ్చునది మొదటి జాతి తప్పే. దానిని మనకు ఈశాన్యముననున్న విజయనగరము జిల్లా రాతి నొకదానినిబట్టి వివరింప నెంచితిమి.

ఆ జిల్లాలోని కోడూరు మాంగనీసు గనులలో దొరకు నొక శిలకు ఆ యూరి పేరుమీదుగనే కోడురైటని పేరు. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన లీ ఫెర్మరు దొరగారు 1909లో వెలువడిన తమ గ్రంథమున దీనిని విపులముగ వర్ణించిరి. పొటాసియము గల ఫెల్‌స్పారు, అపటైటు, మాంగనీసును ఇనుమును గల గార్నెట్టు ఇందు ముఖ్యములు. ఇది కరగిన శిలాద్రవమునుండి పుట్టినదని వారి మతము; మాంగనీసు గల పూర్వపు మట్టిపొరలు వేడిమికి మారి యేర్పడినదని తరువాతివారు పలువురు చెప్పిరి. ఈ వివాదమున గార్నెట్టు ముఖ్యసాక్షి. దానిలో నినుమెంతయో తప్పుగ జెప్పినచో సాక్ష్యమే చెడును.

ఈ కొలతకు నేడు వాడు యంత్రము ఎలక్ట్రాను ప్రోబు. ఫ్రాన్సు దేశీయుడగు కాస్టేంగు 1951లో తన సిద్ధాంతవ్యాసమున దీని పద్ధతిని స్థాపించెను. అద్దమువలె నునుపుచేసిన రాతిముక్కపై సన్నని ఎలక్ట్రాను ధార పడగా, ప్రతి మూలకమును తనకు దగిన ఎక్సు కిరణములను వెలువరించును. వానిని, కూర్పు ముందే తెలిసిన మరియొక ఖనిజపు కిరణములతో పోల్చి పాళ్లు కట్టుదురు. ఆ ఖనిజమే యిచ్చట పడికట్టురాయి.

ఇక చిక్కు చూడుడు. ఇనుము ముఖ్యకిరణపు శక్తి 6.40 కిలో ఎలక్ట్రాను వోల్టులు. మాంగనీసుకు ముఖ్యకిరణము 5.90 వద్ద నున్నది గాని, 6.49 వద్ద తోడుకిరణ మొకటి గలదు. దాని బలము మొదటిదానిలో నేడెనిమిదింట నొకవంతు. శక్తినిబట్టి కిరణములను వేరుపరచు సామాన్యపు గ్రాహకము 0.13 కంటె తక్కువ భేదమును చక్కగ విడదీయజాలదు. కావున మాంగనీసు తోడుకిరణము ఇనుము ఖాతాలో బడును. మాంగనీసు మెండైనకొలది లేని యినుము పుట్టుచుండును! ఎన్నిమారులు కొలిచినను నంతే. స్వచ్ఛమైన మాంగనీసు ముక్కను ధారక్రింద నుంచి, అందెంత ‘ఇనుము’ కనబడునో చూచి ఆ నిష్పత్తిని తీసివేయుటయో, స్ఫటికము సాయమున తరంగదైర్ఘ్యమునుబట్టి కిరణములను విడదీయుటయో దీనికి మందు.

మొత్తము 100 వచ్చినచో లెక్క సరియని విద్యార్థులు సంతసింతురు. మేము సంతసింపము. ప్రాణవాయువును సాధారణముగ కొలువరు, లెక్కగట్టుదురు. ఇనుము ఫెర్రసో ఫెర్రిక్కో యంత్రము మామూలుగ చెప్పదు. కాల్షియమును ఫెర్రిక్కు ఇనుమును గల శుద్ధమైన గార్నెట్టులో ఫెర్రిక్కు ఆక్సైడు నూటికి 31.4. దానిని ఫెర్రసుగ వ్రాసినచో 28.3 అగును, మొత్తము 96.9కి దిగును. మాంగనీసు గల గార్నెట్టులో ఇట్టి లోటునే పైన జెప్పిన లేని యినుము పూడ్చినచో? రెండు తప్పులు కలిసి నూరగును.

ధార చొచ్చు చోటు ఒకటి రెండు మైక్రానుల మేర. ప్రక్కనున్న ఫెల్‌స్పారును తాకినచో గార్నెట్టులో నుండదగని పొటాసియము కనబడి దొంగ దొరకును. గుల్లబారిన గార్నెట్టు బీటలోని నల్లని మాంగనీసు ఆక్సైడును తాకినచో మాంగనీసే హెచ్చును గనుక సులభముగ దెలియదు. అందుచే కొలుచుటకు ముందే ఆ చోటు చిత్రమును చూచి, బీటకు దూరముగ బిందువు నెంచుకొనవలెను.