తెరపై తిరిగే చక్రం

కారణం లేనిదే కార్యం లేదన్నది తర్కానికి మూలసూత్రం. రోగిని పరీక్షించే వైద్యుడు, సాక్ష్యాన్ని విచారించే న్యాయమూర్తి, ఎండిన మడిని చూసి కాలువ గట్టు వెంట నడిచే రైతు అందరూ ఈ సూత్రాన్నే అనుసరిస్తారు. కాని ఇంటిలోని కంప్యూటర్‌లో వీడియో నడుమ ఆగిపోయినప్పుడు చాలామంది దీనిని విస్మరిస్తారు. ఒకరు కనబడిన మీటలన్నీ నొక్కుతారు. ఇంకొకరు యంత్రం పాతబడిందని తీర్మానించి కొత్తది కొనడానికి సిద్ధపడతారు. మరొకరు తెరపై మెరిసిన ప్రకటనను నమ్మి, ఎవరు తయారుచేశారో తెలియని సాఫ్ట్‌వేర్‌ను యంత్రంలో చేర్చుకుంటారు. దోషం ఒకచోట, చికిత్స మరొకచోట అన్న చందంగా శ్రమ వృథా అవుతుంది.

ఒకప్పుడు ఇది వినోదానికి కలిగే అంతరాయం మాత్రమే. 2020 మార్చిలో కరోనా వ్యాప్తి కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించడంతో తరగతి గది తెరమీదికి తరలివచ్చింది. అంతర్జాలంపై భారం మితిమీరకుండా ఆ నెలలోనే ఐరోపాలోను, భారతదేశంలోను ప్రధాన వీడియో సంస్థలు దృశ్య నాణ్యతను తాత్కాలికంగా తగ్గించాయి. విద్యాలయాలు తిరిగి తెరుచుకున్న తరువాత కూడా వీడియో పాఠం విద్యాభ్యాసంలో ఒక భాగంగా నిలిచిపోయింది. పరీక్షకు ముందునాటి రాత్రి అర్థంకాని అధ్యాయాన్ని వింటున్న విద్యార్థికి తెరపై తిరిగే ఆ చిన్న చక్రం చిన్న సమస్య కాదు. కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేని కుటుంబానికి తొందరపాటు నిర్ణయం అంతకంటె పెద్ద సమస్య.

దోషాన్ని గుర్తించాలంటే ముందుగా వీడియో తెరకు చేరే విధానం తెలియాలి. వీడియో అంటే వేగంగా మారే నిశ్చల చిత్రాల వరుస. అడ్డంగా 1920, నిలువుగా 1080 బిందువులు గల ఒక చిత్రంలో మొత్తం 20,73,600 బిందువులుంటాయి. ప్రతి బిందువు రంగును తెలపడానికి 3 బైట్లు, సెకనుకు 25 చిత్రాలు చొప్పున లెక్కిస్తే ఒక్క సెకను దృశ్యానికి 124 కోట్లకు పైగా బిట్లు కావాలి. ఇంత సమాచారాన్ని ఇళ్లకు యథాతథంగా పంపడం సాధ్యం కాదు. అందువల్ల చిత్రంలో మారని భాగాలను మళ్లీ మళ్లీ పంపకుండా, మారిన భాగాలను మాత్రమే పంపే కుదింపు పద్ధతులు ఏర్పడ్డాయి. 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264 వాటిలో ప్రసిద్ధమైనది. ఇటువంటి పద్ధతుల వల్ల అదే దృశ్యం సెకనుకు సుమారు 50 లక్షల బిట్లతో, అనగా 5 మెగాబిట్లతో, ఇల్లు చేరగలుగుతున్నది. అలా కుదించినదాన్ని తిరిగి విప్పి చూపే పని మాత్రం ఇంటిలోని కంప్యూటరే చేయాలి.

ఈ ప్రయాణాన్ని కాలువ నీటితో పోల్చవచ్చు. సంస్థ సర్వర్ జలాశయం వంటిది. అంతర్జాల మార్గాలు కాలువలు. ఇంటిలోని రౌటర్ తూము. కంప్యూటర్ చివరి ఆయకట్టు పొలం. నీటి రాకలో హెచ్చుతగ్గులుంటాయి కనుక కంప్యూటర్ ముందుగా కొన్ని సెకన్ల వీడియోను నిల్వచేసుకుంటుంది. ఈ నిల్వనే బఫర్ అంటారు. వచ్చేదానికంటె ఖర్చు ఎక్కువైతే నిల్వ అడుగంటుతుంది; అప్పుడే చక్రం తిరుగుతుంది. వేగం తగ్గినప్పుడు నాణ్యతను తానే తగ్గించుకొని వీడియో ఆగకుండా చూసే ఏర్పాటు కూడా నేటి ప్రసారాలలో ఉంది. దృశ్యం అప్పుడప్పుడు మసకబారడానికి సాధారణంగా అదే కారణం.

కనుక పరిశీలనలో మొదటి మెట్టు లక్షణాన్ని గుర్తించడం. చక్రం తిరుగుతూ బొమ్మ ఆగితే సమాచారం రావడం లేదని అర్థం. ధ్వని సాఫీగా వస్తూ బొమ్మ మాత్రం కుదుపులతో సాగితే, సమాచారం వచ్చినా దానిని విప్పే శక్తి కంప్యూటర్‌కు చాలడం లేదన్నమాట. మాటలు వినబడుతూ తెర నల్లగానో పచ్చగానో మారితే గ్రాఫిక్స్ విభాగాన్ని అనుమానించాలి. బొమ్మ కదులుతూ ధ్వని లేకపోతే, శబ్దం స్పీకర్‌కు బదులు మరొక పరికరానికి వెళ్తున్నదేమో చూడాలి. ధ్వని మీట మూసి ఉంచి యంత్రమంతా గాలించడం చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడం వంటిది.

రెండవ మెట్టు పోలిక. అదే వేదికలో మరొక వీడియోను, మరొక వేదికలోని వీడియోను, అదే అనుసంధానంతో మరొక పరికరంలో అదే వీడియోను చూడాలి. ఒక్క వీడియో మాత్రమే ఆగితే దోషం దానిలోనే ఉన్నది. ఒక వేదిక మాత్రమే ఆగితే దోషం చాలావరకు ఆ సంస్థ వైపుననే ఉంటుంది. వేచి ఉండడమే మార్గం. అన్ని పరికరాలలోను ఆగితే అనుసంధానాన్ని, ఒక్క కంప్యూటర్‌లోనే ఆగితే ఆ కంప్యూటర్‌ను పరీక్షించాలి. ఈ పోలికకు పది నిమిషాలు చాలు, ఖర్చు లేదు.

అనుసంధానంపై అనుమానం కలిగితే రౌటర్‌ను ఆపి, అర నిమిషం తరువాత తిరిగి వెలిగించి చూడవచ్చు. పిమ్మట కంప్యూటర్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి చూడాలి. కేబుల్‌తో బాగా నడిచి వై-ఫైతో ఆగితే అడ్డంకి ఇంటి గోడల మధ్యనే ఉన్నట్లు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ దూరం పోతాయి గాని, మైక్రోవేవ్ పొయ్యి, ఇరుగుపొరుగు రౌటర్లు వాటికి ఆటంకం కలిగిస్తాయి. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగవంతమైనవి. అయితే గోడలను దాటడంలో బలహీనమైనవి. బీరువా వెనుక ఉన్న రౌటర్‌ను ఎత్తైన బహిరంగ స్థలానికి మార్చినంత మాత్రాన తీరిపోయే సమస్యలున్నాయి. నెలవారీ పరిమితి దాటగానే వేగాన్ని తగ్గించే పథకాలు ఉన్నాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

కంప్యూటర్‌పై అనుమానం కలిగితే ఆధారం అడగాలి. యూట్యూబ్‌లో వీడియోపై మౌస్ కుడి మీట నొక్కితే వచ్చే జాబితాలో ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ అన్న అంశం ఉంటుంది. బఫర్‌లో ఎన్ని సెకన్ల నిల్వ ఉన్నదో, చూపలేక వదిలివేసిన చిత్రాలెన్నో అందులో అంకెలతో కనబడతాయి. నిల్వ నిండుగా ఉండి వదిలివేసిన చిత్రాల సంఖ్య పెరుగుతూ ఉంటే అంతర్జాలం నిర్దోషి. అప్పుడు అనవసరంగా తెరిచి ఉన్న ట్యాబులను మూసివేయడం, దృశ్య నాణ్యతను 480కి తగ్గించడం, బ్రౌజర్‌ను, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను నవీకరించడం క్రమంగా చేయాలి. ఫ్యానులో దుమ్ము పేరుకున్న కంప్యూటర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆ దుమ్మును తుడిస్తే చాలు, పాత యంత్రం మరికొంతకాలం సేవచేస్తుంది.

కొన్ని దోషాలు ఊహకు అందవు. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డుపై నాణెం వంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. అది నీరసిస్తే కరెంటు తీసినప్పుడల్లా గడియారం ఏనాటిదో తేదీకి వెనుదిరుగుతుంది. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు కాలపరిమితి ఉంటుంది కనుక, తప్పు తేదీని నమ్మిన బ్రౌజర్ వాటిని చెల్లనివిగా భావించి ప్రవేశం నిరాకరిస్తుంది. తేదీని సరిచేసి, ఆ బ్యాటరీని మార్చితే వీడియో తిరిగి నడుస్తుంది.

వీటన్నిటికంటె ప్రమాదకరమైనది ఆతురత. వీడియో ఆగిన క్షణంలో ‘ప్లేయర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి’ అనే ప్రకటనలు కొన్ని పుటలలో ప్రత్యక్షమవుతాయి. అడోబ్ సంస్థ ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతును 2020 డిసెంబర్ 31తో ముగించింది. నేటి బ్రౌజర్లు సాధారణ వీడియోను వేరే ప్లేయర్ లేకుండానే చూపగలవు. అందుచేత ఫ్లాష్‌ను నవీకరించమని కోరే ప్రకటన మోసమే. సహాయ కేంద్రం పేరుతో ఫోన్ చేసి, దూరం నుండి కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌ను పెట్టించేవారు బ్యాంకు ఖాతానే ఖాళీ చేయవచ్చు. అటువంటి మోసానికి గురైనవారు వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

ఈ అన్వేషణలో పాటించవలసిన నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. రౌటర్‌ను, బ్రౌజర్‌ను, కేబుల్‌ను ఒకేసారి మార్చితే వీడియో నడవవచ్చు గాని, దోషం ఎక్కడ ఉండెనో తెలియదు. మరునాడు అదే దోషం తిరిగివస్తే మళ్లీ మొదటికే రావాలి. చేసిన మార్పును, దాని ఫలితాన్ని ఒక కాగితంపై వ్రాసుకోవడం మంచి అలవాటు. మడికి నీరందని రైతు జలాశయాన్ని నిందిస్తూ కూర్చోడు. బోదె దగ్గర మొదలుపెట్టి తూము దాకా నడుస్తాడు; గండి ఎక్కడ పడిందో అక్కడే మట్టి వేస్తాడు. తెరపై తిరిగే చక్రం ముందు కూర్చున్న విద్యార్థికి కావలసినది కూడా ఆ రైతు ఓర్పు, ఆ రైతు చూపు.