జెల్లీ చేప కుడితే

కార్తీక పున్నమి. తెల్లవారకముందే బాపట్ల నుంచి సూర్యలంకకు ఆటోలు బారులు తీరతాయి. సముద్ర స్నానానికి వచ్చిన ఆడవాళ్లు ఒడ్డున దీపాలు పెడతారు. పిల్లలు అలలతో ఆడుకుంటారు.

అలా ఒక ఇంటివాళ్లు వచ్చారనుకుందాం. అత్త, కోడలు, ఏడేళ్ల పిల్ల. పిల్ల మోకాలి లోతు నీళ్లలో ఉంది. ఉన్నట్టుండి "అమ్మా, కాలు!" అని కేక పెట్టింది. ఒడ్డుకు తెచ్చి చూస్తే పిక్క మీద ఎర్రటి చారలు. బెత్తంతో కొట్టినట్టు ఉన్నాయి. చార మీద దారం ముక్కలాంటిది ఏదో జిగటగా అంటుకుని ఉంది.

"ఇసక పెట్టి గట్టిగా రుద్దవే" అంది అత్త.

"ఉండత్తా, ముందు మంచినీళ్లు పోస్తాను" అంటూ కోడలు సీసా మూత తీసింది.

ఇద్దరికీ పిల్ల మీద ప్రేమే. కానీ ఇద్దరూ చెయ్యబోయింది తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే ముందు ఆ కుట్టినదాని సంగతి తెలియాలి.

దాన్ని జెల్లీ చేప అంటారు. పేరుకే చేప. నిజానికి చేప కాదు. దానికి ఎముకలు లేవు. గుండె లేదు. నెత్తురు లేదు. మెదడు కూడా లేదు. ఒళ్లంతా దాదాపు నీరే. నీళ్లలో గొడుగులా తేలుతుంది. గొడుగు కింద దారాల్లాంటి చేతులు వేలాడుతుంటాయి. విషం ఉండేది ముఖ్యంగా ఆ దారాల్లోనే.

ఒక్కో దారం మీద కంటికి కనిపించని చిన్న చిన్న సంచులు వేల కొద్దీ ఉంటాయి. ప్రతి సంచిలోనూ సన్నని సూది లాంటి గొట్టం చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఏదైనా తగిలితే చాలు, సంచి పగిలి సూది బయటికి దూసుకొస్తుంది. ఇంజెక్షను చేసినట్టు విషం చర్మంలోకి ఎక్కిస్తుంది. చిన్న చేపల్ని అది ఇలాగే పట్టుకుని తింటుంది. మనిషి మీద దానికి పగ ఏమీ లేదు. మన కాలు దానికి అడ్డం వచ్చింది, అంతే.

అసలు కిటుకు ఇక్కడుంది. అన్ని సంచులూ ఒక్కసారే పగలవు. చర్మానికి అంటుకున్న దారం ముక్కలో పగలని సంచులు ఇంకా చాలా మిగిలి ఉంటాయి. పల్లెల్లో పిల్లలు చిటపటకాయలతో ఆడుకోవడం మీరు చూసే ఉంటారు. ఎండిన కాయను తడిపితే టప్పున పగిలి గింజలు ఎగురుతాయి. ఈ సంచులూ అలాంటివే. ఉప్పునీటిలో ఉన్నవాటి మీద మంచినీళ్లు పడగానే అవి పగులుతాయి. ఇసకతో రుద్దినా, తువ్వాలుతో తుడిచినా పగులుతాయి. అంటే విషం కడిగేస్తున్నామనుకుంటూ మనమే ఇంకా ఎక్కిస్తున్నామన్నమాట!

మరి ఆ కోడలు ఏం చెయ్యాలి? పిల్లను నీళ్లలోంచి బయటికి తెచ్చింది, మంచిదే. ఇక పిల్లను కదలకుండా కూర్చోబెట్టాలి. గోకనివ్వకూడదు. ఒక చెంబుతోనో సీసాతోనో సముద్రపు నీళ్లే తెచ్చి చారల మీద ధారగా పొయ్యాలి. చేత్తో రుద్దకుండా పొయ్యాలి. చాలా ముక్కలు ఆ ధారకే పోతాయి. మిగిలిన వాటిని ముల్లు తీసే శ్రావణంతో మెల్లగా పట్టి తియ్యాలి. శ్రావణం లేకపోతే రెండు పుల్లలు చాలు. వట్టి చేతులతో తీస్తే తీసినవాళ్ల వేళ్లకూ కుడుతుంది. చేతికి మందపాటి ప్లాస్టిక్ సంచి తొడుక్కోవచ్చు. చాకుతో, గట్టి అట్టతో గీకడం మంచిదని పూర్వం చెప్పేవారు. ఇప్పుడు వద్దంటున్నారు. నొక్కి గీకితే సంచులు పగులుతాయి కదా.

ముక్కలన్నీ పోయాకే వేడినీళ్ల పని. ఒడ్డున టీ కొట్టు ఉంటే అక్కడ వేడినీళ్లు దొరుకుతాయి. వాటిలో చన్నీళ్లు కలిపి, ఓర్చుకోగలిగినంత వేడిగా తొణకాలి. సుమారు 45 డిగ్రీలు ఉండాలి. అందులో కాలు 20 నుంచి 40 నిమిషాలు ఉంచాలి. కాలు ముంచే వీలు లేకపోతే వేడినీళ్లలో పిండిన గుడ్డ వేస్తూ మారుస్తూ ఉండాలి. వేడికి విషం బలం తగ్గుతుంది. నొప్పి తగ్గుతుంది. కానీ ఒక జాగ్రత్త. పిల్లల చర్మం లేత. కుట్టిన చోట వేడి సరిగా తెలియదు. అందుకని పెద్దవాళ్లు ముందు తమ మోచేయి పెట్టి చూడాలి. మంట తగ్గించబోయి కాలు బొబ్బలెక్కించకూడదు.

కుట్టిన చోట మూత్రం పొయ్యాలని కొందరు అంటారు. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల మేలు లేదు. కీడు జరగొచ్చు. సారా, కిరసనాయిలు కూడా పొయ్యొద్దు.

వినిగర్ పొయ్యమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆస్ట్రేలియా ఉత్తరాన బాక్స్ జెల్లీ చేప అనే భయంకరమైన రకం ఉంది. దాని విషం నిమిషాల్లో మనిషి ప్రాణం తీయగలదు. దాని సంచులు పగలకుండా వినిగర్ ఆపుతుంది. అందుకే అక్కడ ఒడ్డున వినిగర్ సీసాలు పెడతారు. కానీ వేరే రకాలు కొన్ని ఉన్నాయి. వాటి మీద వినిగర్ పోస్తే సంచులు ఇంకా పగులుతాయి. కుట్టింది ఏ రకమో మనకు తెలియదు. అందుకని మనకు సముద్రపు నీళ్లే మేలు.

చాలామందికి నొప్పి కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. చారలు కొన్ని రోజులు ఉంటాయి. కానీ కొందరికి ఒంటికి పడదు. 2020 నవంబరులో గోవా తీరంలో రెండు రోజుల్లోనే 90 మందికి పైగా జెల్లీ చేపలు కుట్టాయి. ఎక్కువమందికి ఒడ్డునే చికిత్స చేశారు. ఒక యువకుడికి మాత్రం గుండెల్లో నొప్పి, ఆయాసం వచ్చాయి. ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది.

కాబట్టి ఊపిరి ఆడకపోయినా, గుండెల్లో నొప్పి వచ్చినా, పెదవులు, నాలుక వాచినా, వాంతులైనా, కళ్లు తిరిగినా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. చారలు ఒంటి మీద చాలా మేర ఉన్నా, కంట్లో తగిలినా, కుట్టింది పసిపిల్లలకైనా ఆసుపత్రికి పోవాల్సిందే. "కాసేపు చూద్దాంలే" అనే మాట అప్పుడు పనికిరాదు.

కుట్టకుండా చూసుకోవడం ఇంతకన్నా తేలిక. నీళ్లలో దిగేముందు ఒడ్డున ఇసక చూడండి. జెల్లీ ముద్దలు కొట్టుకొచ్చి పడి ఉన్నాయా? అయితే నీళ్లలో ఇంకా ఉంటాయి. ఆ రోజు దిగొద్దు. వేటకు పోయి వచ్చిన మత్స్యకారుల్ని అడగండి. సముద్రం సంగతి వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చీర కట్టుకుని మునిగే ఆడవాళ్లకు గుడ్డే కొంత కాపు. లాగూతో దిగే పిల్లలకే ఎక్కువ కుడుతుంది. వాళ్లకు ఒళ్లు కప్పే బట్టలు వెయ్యండి.

ఒడ్డున పడి ఉన్నది చచ్చిపోయింది కదా అని పిల్లలు కాలితో తంతారు. అది చచ్చినా సంచులు చావవు. ముంబై ఒడ్డుకు వానాకాలంలో నీలి బుడగల్లాంటివి కొట్టుకొస్తాయి. బెలూను లాగా ముచ్చటగా ఉంటాయి. అవి జెల్లీ చేపల దూరపు చుట్టాలు. బుడగ అరచేయంతే ఉన్నా దాని దారాలు మీటర్ల పొడవు సాగుతాయి. బుడగకు దూరంగా నిలబడినా దారం తగలొచ్చు.

వల దులిపి చేపలు ఏరే ఆడవాళ్లకు ఇది పండగ నాటి బాధ కాదు, రోజువారీ బాధ. తెగిన దారాలు వలకు అంటుకుని ఎండిపోతాయి. మళ్లీ తడిస్తే కుడతాయి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఆ చేతులతో కళ్లు నలపకూడదు.

స్నానం చేసిన తడిబట్టల్లోనూ ముక్కలు ఉండొచ్చు. వాటిని ఒడ్డునే బాగా విదిలించి, ఇంట్లో విడిగా ఉతకండి. ఇంకొకటి. మానిపోయిందనుకున్న చోటే వారం పది రోజులకు మళ్లీ దురద, దద్దుర్లు లేవొచ్చు. అప్పుడు డాక్టరుకు చూపించండి. ఫలానా రోజు సముద్రంలో జెల్లీ చేప కుట్టిందని చెప్పండి. చెప్పకపోతే ఆయన గజ్జి అనుకుని మందు రాసే ప్రమాదం ఉంది.