ఎవరి చావు ఏ పేజీలో?

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు కాల్చి చంపిన 26 మందిలో ఒకరు మన నెల్లూరు జిల్లా కావలి మనిషి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ కుటుంబంతో విహారానికి వెళ్లినవాడు. మరొకరు విశాఖపట్నంలో స్థిరపడిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. పర్యాటకులను గుర్రాల మీద తిప్పి బతికే స్థానిక కశ్మీరీ ఒకరు కూడా ఆ 26 మందిలో ఉన్నాడు. నెల్లూరు ఎడిషన్‌లో కావలి ఇంటి కథ, విశాఖ ఎడిషన్‌లో విశాఖ ఇంటి కథ పెద్దగా రావడం సహజం. ఊరివాడు పోతే ఊరు ఏడుస్తుంది, ఊరి పేపరూ ఏడవాలి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మే 7న ఆ దాడికి బదులుగా భారత సైన్యం పాకిస్తాన్ మీద ఆపరేషన్ సిందూర్ చేపట్టింది, సరిహద్దులో కాల్పులు పెరిగాయి. మే 9న శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీనాయక్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలు కోల్పోయాడు. తండా నుంచి సైన్యానికి ఎలా వెళ్లాడు, తల్లిదండ్రులు ఏ పని చేసి పెంచారు, అంతా మనకు తెలిసింది. తెలియాల్సిందే. దానికి రెండు రోజుల ముందు పూంఛ్ పట్టణం మీద పాకిస్తాన్ ఫిరంగి గుండ్లు పడి డజనుకు పైగా పౌరులు చనిపోయారు. వాళ్లలో పన్నెండేళ్ల కవల పిల్లలున్నారు. వాళ్లూ మన దేశస్థులే, కానీ మన దగ్గరికి చాలావరకు ఒక అంకెగానే చేరారు.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే రాత్రిపూట పత్రికా కార్యాలయంలో పని ఎలా సాగుతుందో చూడాలి. కావలిలో పేపరుకు విలేకరి ఉన్నాడు. ఇంటి గుమ్మం దాకా వెళ్లి బంధువులతో మాట్లాడి, ఫొటో తీసుకుని పంపుతాడు. పూంఛ్‌లో తెలుగు పేపరుకు మనిషి లేడు. అక్కడి వార్త ఏజెన్సీల నుంచో, ఢిల్లీ ప్రకటన నుంచో వస్తుంది. పేజీ కట్టే వేళకు సబ్ ఎడిటర్ చేతిలో ఉండేది నాలుగు వాక్యాలు, ఒక సంఖ్య. పైగా సైనిక కదలికలు ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని కేంద్రం ఏప్రిల్ 26న సలహాపత్రం కూడా ఇచ్చింది. దానికి కారణముంది, కాదనను. కానీ విలేకరి దూరమయ్యేకొద్దీ అధికారి మాటే వార్త అవుతుంది. ఎవరూ కావాలని అబద్ధం రాయకపోయినా పక్షపాతం ఇలా పేజీలోకి వచ్చి కూర్చుంటుంది.

అబద్ధం చెప్పిన సందర్భమూ ఉంది, దాన్ని దాచకూడదు. పూంఛ్‌లో చనిపోయినవారిలో ఒక మదర్సా ఉపాధ్యాయుడున్నాడు. కొన్ని జాతీయ టీవీ చానళ్లు ఆయన ఫొటో వేసి, మన దాడిలో హతమైన ఉగ్రవాది అని చెప్పాయి. ఆయనకు ఉగ్రవాదంతో ఏ సంబంధమూ లేదని పూంఛ్ పోలీసులే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత స్థానిక కోర్టు ఆ చానళ్ల మీద కేసు నమోదు చేయమంది. శత్రువు గుండుకు తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు, సొంత దేశపు టీవీలో ఆయన్ని ఉగ్రవాదిగా చూడాల్సి వచ్చింది. ఇంతకన్నా ఘోరం నాకు తోచడం లేదు.

అవతలివాళ్ల లెక్క మరో కథ. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో కలిపి మన సైనికులు 20 మంది చనిపోయారు. మన లెక్క వెంటనే పేర్లతో సహా వచ్చింది. చైనా ఎనిమిది నెలలు నోరు మెదపక, 2021 ఫిబ్రవరిలో నలుగురని చెప్పింది. ఈలోగా మన పత్రికల్లో ముప్పై, నలభై అంటూ అంకెలు తిరిగాయి. చైనా మాట నిజమనీ అనుకోనక్కర్లేదు, దానికీ తక్కువ చేసి చెప్పే అవసరముంది. అందుకే యుద్ధంలో చావుల సంఖ్య కనబడితే, చెప్పింది ఎవరు, చూసినవాళ్లెవరైనా ఉన్నారా అన్నది ముందు వెతకాలి. 'సమాచారం', 'తెలుస్తోంది' అన్న మాటల వెనక మనిషి లేకపోతే ఆ సంఖ్యను పక్కన పెట్టడమే మేలు.

మన తెలుగు తీరానికి యుద్ధమూ, దాని వార్తల మీద కట్టడీ కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. భారత రక్షణ నిబంధనల కింద పత్రికలకు కట్టడి ఉన్న రోజులవి. ఆ నెలలోనే మద్రాసు ప్రభుత్వం కార్యాలయాలను లోపలి ఊళ్లకు తరలించింది, మద్రాసు నగరంలో జనం పెట్టేబేడా సర్దుకుని రైళ్లెక్కారు. పేపరు చెప్పనిది పుకారు చెప్పింది, పుకారు ఎప్పుడూ ఎక్కువ చేసే చెబుతుంది.

తప్పు పడితే సవరణను తగిన ప్రాధాన్యంతో వెంటనే వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. కాని ఆ సంస్థ పత్రికలను మందలించగలదు తప్ప శిక్షించలేదు, టీవీల జోలికి అసలే వెళ్లలేదు. మొదటి పేజీలో వేసిన మృతుల సంఖ్య తప్పని తేలితే, సవరణను లోపలి పేజీ అడుగున ఇరికించకుండా మొదటి పేజీలోనే వేయమని మనం ఎడిటర్లకు ఉత్తరాలు రాయాలి. అలా అడిగే హక్కు పేపరు కొనే ప్రతి మనిషికీ ఉంది.