లైనక్స్ లేవట్లేదా? అప్‌డేట్‌ను తిట్టే ముందు కరెంటు లెక్క చూడండి

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. పాత డెస్క్‌టాప్‌ను పారేయడం ఇష్టంలేని వాళ్లకు ఉబుంటు, మింట్, డెబియన్ మంచి దారి. కరీంనగర్‌లో జిరాక్స్ సెంటరు నడిపేవారికైనా, ఆదిలాబాద్‌లో డిగ్రీ పిల్లలున్న ఇంటికైనా ఇదే నా సలహా. అయితే ఒకరోజు అప్‌డేట్ పెట్టి రీస్టార్ట్ కొడితే డెస్క్‌టాప్ రాదు. నల్లటి తెర మీద ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ’ అని ఒక వరుస, దాని కింద ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అని ప్రాంప్ట్. ‘అప్‌డేటే ఖరాబు చేసింది’ అనుకుంటాం.

అప్‌డేటే తప్పు చేసిన సందర్భాలూ ఉన్నాయి. 2018 అక్టోబరులో వచ్చిన 4.19 కెర్నల్‌తో కొందరి ఫైళ్లు చెడిపోయాయి. మొదట అందరూ ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌నే అనుమానించారు. అసలు లోపం డిస్కుకు పనులు పంపే బ్లాక్ లేయర్‌లో ఉందని డిసెంబరులో తేలింది, 4.19.8తో సరిచేశారు. 2023 డిసెంబరులో డెబియన్ 12.3 విడుదల చివరి నిమిషంలో ఆగింది. 6.1.64 కెర్నల్‌లో ఈఎక్స్‌టీ4 డేటాను చెడగొట్టే లోపం బయటపడటమే కారణం. 6.1.66 కెర్నల్‌తో 12.4ను డిసెంబరు 10న విడుదల చేశారు. మీ కెర్నల్ నంబరు ఇలాంటి జాబితాలో ఉంటే నింద న్యాయమే. కానీ ఇవి అరుదు.

మన దగ్గర ముందుగా అనుమానించాల్సింది కరెంటును. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు ఒక్క క్షణం పోయి వస్తుంది. మన సరఫరా 50 హెర్ట్జ్, అంటే ఒక్కో సైకిల్‌కు 20 మిల్లీసెకన్లు. కరెంటు తెగాక పూర్తి లోడు మీద డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్ నిలబడేది సుమారు 16 మిల్లీసెకన్లు, అంటే ఒక సైకిల్ కూడా కాదు. కెపాసిటర్లు బలహీనపడిన పాత ఎస్‌ఎంపీఎస్ అయితే అంతసేపు కూడా ఆగదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. దాని మీద యూపీఎస్, ఎకో అని చిన్న స్విచ్ ఉంటుంది, ఒకసారి చూడండి. యూపీఎస్ మోడ్‌లో బ్యాటరీకి మారడానికి మామూలుగా 10–15 మిల్లీసెకన్లు పడుతుంది. ఎకోలో 40 దాకా పోతుంది. ఫ్యానుకు, లైటుకు ఆ తేడా తెలియదు. కంప్యూటర్ మాత్రం అక్కడే ఆగి మళ్లీ మొదలవుతుంది. రూపాయి ఖర్చు లేకుండా ఆ స్విచ్ మార్చడం కంటే మంచి రిపేరు నాకు కనిపించలేదు.

ఇలా కరెంటు తెగితే ఫైళ్లు ఎందుకు చెడతాయో చూడండి. ఈఎక్స్‌టీ4 తన జర్నల్‌ను, అంటే మార్పుల చిట్టాను, మామూలుగా 5 సెకన్లకోసారి డిస్కు మీద ఖరారు చేస్తుంది. మామూలు ఫైలు రాతలు ర్యామ్‌లో 30 సెకన్ల దాకా కూడా ఆగుతాయి. పైగా జర్నల్ కాపాడేది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్నే, ఫైలు లోపలి రాతను కాదు. అప్‌డేట్ నడిచే కొద్ది నిమిషాల్లో వేల చిన్న ఫైళ్లు మారతాయి. అప్పుడు కరెంటు పోతే నష్టం ఎక్కువ. ఎప్పుడో జరిగిన నష్టం కూడా అప్‌డేట్ తర్వాతి రీస్టార్ట్‌లోనే బయటపడొచ్చు.

ఇక రిపేరు. ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే ఆదేశాన్ని తొందరపడి కొట్టకండి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ముందు డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు చదవండి. 5, 197, 198 నంబర్ల వరుసల్లో సున్నా కాకుండా అంకె పెరుగుతూ ఉంటే డిస్కు పోతున్నట్టు. డీడీరెస్క్యూతో వేరే డిస్కు మీదికి కాపీ తీసి, రిపేరు ఆ కాపీ మీదే చేయండి. 199 మాత్రమే పెరుగుతుంటే ఎక్కువగా సాటా కేబుల్ దోషం. దాన్ని మార్చి చూడండి.

పార్టిషన్ మౌంట్ కాకుండా ఉన్నప్పుడే ఎఫ్‌ఎస్‌సీకే నడపాలి. మొదట ‘ఎన్’ ఆప్షన్‌తో: అది ఏమీ రాయదు, ఏం చెడిందో మాత్రం చెబుతుంది. ఆ తర్వాతే అసలు రిపేరు. ముగింపు కోడ్ 0 అయితే లోపం లేదు, 1 అయితే సరిచేసింది, 4 అయితే ఇంకా మిగిలింది. ఫైల్ సిస్టమ్ మూల వివరాలుండే సూపర్‌బ్లాకే చదవడం లేదంటే భయపడనక్కర్లేదు. 4,096 బైట్ల బ్లాకులున్న డిస్కులో దాని నకళ్లు 32,768, 98,304, 163,840 నంబర్ల బ్లాకుల దగ్గర ఉంటాయి. ‘బీ’ ఆప్షన్‌కు ఆ నంబరు ఇస్తే చాలు.

పేరు పోయిన ఫైళ్లు ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ ఫోల్డర్‌లో అంకెల పేర్లతో కనిపిస్తాయి. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు అక్కడ వెతకండి. సిస్టమ్ లేచాక సగంలో ఆగిన ప్యాకేజీలను డీపీకేజీ ‘కాన్ఫిగర్’ ఆదేశంతో పూర్తి చేయించండి, డెబ్‌సమ్స్‌తో ఏ ఫైలు తేడాగా ఉందో చూసి ఆ ప్యాకేజీని మళ్లీ వేయండి. అదే డిస్కు మళ్లీ ఎర్రర్ ఇస్తే ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌తో ఒక రాత్రంతా పరీక్షించండి.