పశువుల పాకకు ఊక: తూకం కన్న పొడితనమే ప్రధానం

రైసు మిల్లు ఊకకు గిరాకీ అనగానే వర్తకులకు ఇటుక బట్టీలు, బాయిలర్లు, కోళ్ల ఫారాలు గుర్తుకు వస్తాయి. నాలుగైదు గేదెలున్న పాక లెక్కలోకి రాదు. కొనేది కొద్ది బస్తాలే గదా అన్న భావమే అందుకు కారణం. అయితే ఈ చిన్న ఖాతాలో సరుకు చెడితే కలిగే నష్టం చిన్నది కాదు.

పాడి ఆవు రోజుకు 10 నుంచి 12 గంటలు పడుకునే ఉంటుంది. ఆ సేపంతా పొదుగు నేలకు ఆనుతుంది. కింద తడి, పేడ ఉంటే సూక్ష్మజీవులు చనుమొనల గుండా లోపలికి చేరి పొదుగువాపు తెస్తాయి. పాలు తగ్గుతాయి, ముదిరితే ఆ చన్ను ఎండిపోనూవచ్చు. మందు వాడిన రోజుల పాలు అమ్మకానికి పనికిరావు.

సరుకు లెక్క ఇది. గేదె ఒక్కింటికి కప్పు కింద 4 చదరపు మీటర్లు చొప్పున 6 గేదెలకు 24 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల మందాన పరిస్తే 1.2 ఘనపు మీటర్ల ఊక, అనగా సుమారు 120 కిలోలు పడుతుంది. పిదప రోజూ పేడ, తడిసిన మేర ఎత్తివేసి, ఆ చోట పొడి ఊక చల్లాలి. కొనుగోలు కొద్దిపాటిదే అయినా ఏడాది పొడవునా సాగుతుంది. పైగా బట్టీల పని ఆగే వానాకాలంలోనే పాకలకు అవసరం హెచ్చు.

చిక్కంతా తేమ దగ్గరే. 100 కిలోల ఊకలో తేమ 10 శాతమైతే పొడి సరుకు 90 కిలోలు. 25 శాతమైతే 75 కిలోలే. తక్కిన 15 కిలోలకు రైతు నీటి ధర చెల్లిస్తున్నట్లే. ఆ ఊక పాకలో తడిని పీల్చదు సరిగదా, బూజు పట్టి మరింత చెరుపు చేస్తుంది.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. వరిగడ్డి ఊక కన్న బాగా పీలుస్తుంది, ఎరువుగా త్వరగా మాగుతుంది. కాని అది మేత. యంత్రంతో కోసిన పొలంలో గడ్డి చెల్లాచెదరుగా పడుతుంది గనుక కట్టలు కట్టించే ఖర్చు అదనం. రంపపు పొట్టు పీల్చుడు బాగున్నా, పచ్చిది వాడితే క్లెబ్సియెల్లా అనే సూక్ష్మజీవి పెరిగి పొదుగువాపు తెచ్చే ప్రమాదం ఉంది. కొబ్బరి పొట్టు తన బరువుకు అనేక రెట్లు నీరు పట్టినా, ఒకసారి నానితే త్వరగా ఆరదు. ఇసుకలో సూక్ష్మజీవులు తక్కువే గాని కాలువలు పూడుతాయి, ఎరువు చెడుతుంది.

అందుచేత నిల్వ చేసే వర్తకుడు వానలకు ముందే సరుకును కప్పు కిందికి, నేల తగలకుండా చెక్కల మీదికి చేర్చుకోవడం మేలు. కొనేవారు బస్తా పైభాగం చూసి బేరం ఖరారు చేయరాదు. నడుమ నుంచి పిడికెడు తీసి చూడాలి. వెచ్చగా ఉన్నా, ఉండ కట్టినా, ముక్క వాసన వచ్చినా ఆ సరుకు బట్టీకే తప్ప పాకకు తగదు. ఒక్క తడి బస్తా అంటగడితే మిగిలేది కొన్ని రూపాయలే. పోయేది మాత్రం ఏడాది పొడవు ఖాతా.