పనిచేసినవారిని మెచ్చుకొనుట



కూలి యిచ్చితిమి గనుక పనివారికి మనమిక నేమియు బాకీ లేదని తలచువారు పెక్కురు కలరు. కూలి సరిగా నియ్యక మంచిమాటలతో సరిపెట్టువారును కొందరు కలరు. ఈ రెండు త్రోవలును తప్పేయని నా యభిప్రాయము. కూలి పనికి వెల. మెప్పు మనిషికి గౌరవము. ఒకటి రెండవదానికి బదులు కానేరదు. ఈ మాటను మన వాకాటి తీరమునుండియు, గోదావరి తీరమునుండియు రెండు నిదర్శనములు చూపి విశదపరచెదను.

వాకాడు మండలములోని దుగరాజపట్నము మీకు తెలిసిన యూరే. 1626 ప్రాంతమున ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు అచ్చట వర్తకస్థానమును నెలకొల్పిరి. ఆ స్థలము వారికి దొరకుటకు ఆరుముగ మొదలియారను స్థానికుడు తోడ్పడెననియు, ఆ కృతజ్ఞతచేత ఆ చోటికి ఆయన పేరే పెట్టిరనియు చరిత్రకారులు వ్రాసియున్నారు. ఆంగ్లేయుల నోట ‘ఆరుముగము’ కాస్త ‘ఆర్మగాన్’ అయినది. కంపెనీవారు 1639లో చెన్నపట్టణమున స్థలము సంపాదించి, కొలదికాలమునకే ఈ తీరమును విడిచిపోయిరి. కాని పేరు పోలేదు. నేటికిని ఇచ్చట నావికులకు దారిచూపు దీపస్తంభము ఆర్మగాన్ పేరనే యున్నది. పేరు పెట్టి మెచ్చుకొనుటకు గల బలమిట్టిది.

అయితే ఇందులోనే మరియొక సంగతి కలదు. కంపెనీవారు కొన్న బట్టలను నేసిన సాలెవారి పేర్లు గాని, అలల నడుమ మూటలు మోసి పడవల కెక్కించినవారి పేర్లు గాని ఏ దీపస్తంభమునకును రాలేదు. మెప్పు సాధారణముగా పైనున్నవారి వరకే పోయి ఆగును. బరువు మోసిన భుజమువరకు దిగిరాదు. మనము దిద్దుకొనవలసినది ఇదియే.

గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. కాటన్ దొర పేరును అక్కడి రైతులు నేటికిని తలచుకొందురు. ఆయన క్రింద నుండి, కూలీలను సమకూర్చి పని నడిపించినవారు వీణెం వీరన్నగారు. కాటన్ ఆయన సేవను దాచుకొనక పై యధికారులకు తెలియజేసెను. వీరన్నగారికి రాయ్ బహద్దూర్ బిరుదు లభించినది. 1867లో ఆయన గతించిన పిమ్మట ధవళేశ్వరమున ఆయన పేర శిలాఫలకమును నిలిపిరి. తన క్రిందివారి పనిని చెప్పుటచేత కాటన్ కీర్తి యేమైన తగ్గినదా? తగ్గలేదు సరికదా, ఇద్దరి పేర్లును నిలిచినవి.

ఇక మన కళ్ళముల సంగతి. పూర్వము నూర్పిళ్ళ వేళ చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగులకు ధాన్యము కొలిచి మేర యిచ్చెడివారు. అది ఏడాది పొడుగునను చేసిన పనికి వారి హక్కు. కొందరు దానిని బిచ్చమువలె విదల్చిరి. చద్దికూడును, చినిగిన పంచెయు పెట్టి బహుమానమనిరి. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరి నిర్మూలన చట్టమును, స్త్రీ పురుషులకు సమాన వేతన చట్టమును చేసినది. చట్టము కూలి నిప్పింపగలదు, గౌరవము నిప్పింపలేదు. తండ్రి వయస్సువానిని ఏడాదంతయు ‘ఒరే’ యని పిలిచి, సంక్రాంతినాడు క్రొత్త పంచె యిచ్చినచో అది మెప్పు కాదు. పిలుపు మారనిదే పంచెకు విలువ లేదు.

మరి ఎట్లు మెచ్చుకొనవలెను? మొదట, చేయవలసిన చెల్లింపు వేళకు చేయవలెను. తరువాత, ఏ పనిని మెచ్చితిమో ఆ పనినే చెప్పవలెను. ‘నీవు మంచివాడవు’ అన్న మాట గాలికి పోవును. ‘మొన్నటి గాలివానలో నీవు మట్టిమూటలు వేయకున్న రొయ్యల గుంట గట్టు తెగియుండును’ అన్నచో ఆ మాట మనసున నాటుకొనును. ఆలస్యము చేయరాదు, నాట్లనాటి మెప్పు కోతలకు చల్లబడును. తప్పును చాటుగను, మెప్పును నలుగురిలోను చెప్పవలెను. మేస్త్రీని మాత్రమే పొగడి, నడుము వంచి నాటిన స్త్రీలను మరువరాదు. తోడిపనివారు ఒకరినొకరు మెచ్చుకొనుటయు మనలను చూచియే నేర్చుకొందురు. మెప్పు మాటతోనే ఆగరాదు. జబ్బుపడిననాడు కూలి కోయకుండుట, పనిని గూర్చి వారి సలహా నడుగుట కూడ మెప్పే.

నేడు మన బిడ్డలు చెన్నపట్టణమునకును, శ్రీసిటీ కర్మాగారములకును పోవుచున్నారు. కూలి చాలక పోవువారు కొందరు. ఇచ్చట మనిషిగా విలువ లేదని పోవువారు కొందరు. నాట్లకు మనుష్యులు దొరకరని రచ్చబండ మీద విచారించు మనము, ఉన్నవారిని ఎట్లు చూచుచున్నామో కూడ విచారింపవలెను.

వీధు లూడ్చువారిని, బడిలో వంట చేయు తల్లిని, చెరువునీటిని పొలములకు పంచువారిని వచ్చు గ్రామసభలో ముందు వరుసను కూర్చుండబెట్టుడు. వారి బిడ్డలు వినునట్లు, ఒక్కొక్కరి పేరును, వారు చేసిన పనిని చెప్పుడు. దీనికి ఖర్చు లేదు. పెద్దరికము మాత్రము కావలెను. అది మీయందు కలదు.