ముద్దుపేరే అసలు పేరైంది!

మాచర్ల దగ్గరి ఎత్తిపోతలకు ఆ పేరెలా వచ్చింది? చంద్రవంక నీళ్లు ఎత్తు నుంచి పడతాయి కాబట్టి అంటారు కొందరు. కాదు, యతులు తపస్సు చేసిన 'యతి తపోతలం' అలా మారిందంటారు మరికొందరు. పక్కనున్న జలపాతం పేరుకే ఇన్ని కథలుంటే, ఎక్కడో రష్యా నుంచి తెలుగింటి ఉయ్యాల దాకా వచ్చిన 'నటాషా'కు ఎంత కథ ఉండాలి!

వినగానే 'నటన' గుర్తొస్తుంది కానీ, ఆ మాటతో ఈ పేరుకు చుట్టరికం లేదు. లాటిన్‌లో 'నటాలిస్' అంటే పుట్టుకకు సంబంధించినది. క్రీస్తు పుట్టినరోజును తలచుకుంటూ పెట్టిన పేరు నటాలియా. రష్యాలో అది నటాల్యా అయింది. ఇంట్లోవాళ్ల నోట నటాషాగా మారింది. మిఖాయిల్ మీషా, మరియా మాషా అయినట్లే. మన కోటప్పకొండ వైపు కోటేశ్వరరావు 'కోటి' అయినట్లే!

ఈ పేరును ప్రపంచానికి పరిచయం చేసింది టాల్‌స్టాయ్. 1869లో పూర్తయిన 'యుద్ధము-శాంతి' నవల మొదట్లో రస్తోవ్‌ల ఇంట ఓ వేడుక. తల్లీకూతుళ్లిద్దరూ నటాల్యాలే. పదమూడేళ్ల కూతురు మాత్రం అందరికీ నటాషా. ఆ నవలను తెలుగులోకి తెచ్చినవారిలో ఒకరైన రెంటాల గోపాలకృష్ణ పుట్టింది ఈ పల్నాడులోనే, రెంటాల గ్రామంలో. తర్వాత్తర్వాత మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికేవి. వాటితోపాటే రష్యన్ పేర్లూ మన ఇళ్లలోకి వచ్చాయి. కులం, దేవుడు కనిపించని పేరు కావాలనుకున్న అభ్యుదయవాదులకు అవి నచ్చాయి. చిత్రమేమిటంటే, దేవుడి పేరు వద్దనుకుని పెట్టుకున్న నటాషాలోనూ క్రిస్మస్ దాగి ఉంది!

పిల్లలకు ఇలాంటి పేరు పెట్టాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చివర 'ఆ' ఉంది కదాని అన్నీ ఆడపిల్లల పేర్లు కావు. మీషా రష్యాలో మగపిల్లాడు. సాషా అయితే అలెగ్జాండర్‌కూ, అలెగ్జాండ్రాకూ చెల్లుతుంది.

ఇంకో తేడా ఉంది. అక్కడ కాగితాల మీద నటాల్యా అని రాస్తారు. ఆఫీసులో పెద్దవాళ్లను తండ్రి పేరు కూడా కలిపి గౌరవంగా పిలుస్తారు. నటాషా అనే చనువు అయినవాళ్లదే. మన దగ్గర ఆ ముద్దుపేరే బడి హాజరుపట్టీకెక్కింది. అందుకే తెలుగు నటాషాలకు ఇంట్లో మళ్లీ బుజ్జి అనో, చిట్టి అనో ఇంకో పేరు తప్పడం లేదు!